తునకలకు ఆకరం ఏది?

పోయిన వారం మా ఉయ్యూరు కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది పిల్లలకి నిఘంటువుల పాఠం చెబుతున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడు. సగం మంది కళ్లు మూతలు పడుతున్నాయి. కంకిపాడు వైపు నుంచి బస్సులో వచ్చే ఒక కుర్రాడు చెయ్యెత్తి, "మేడమ్, ఒక మాటని నిఘంటువులోకి ఎక్కించాలంటే ఎవరికి అప్లికేషన్ పెట్టుకోవాలి?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. రేషన్ కార్డులో పేరు ఎక్కించడం గురించి అడిగినట్టు అడిగాడు మరి.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఇదే ప్రశ్నని ఏడెనిమిదేళ్ల కిందట తలకిందులు చేసి నన్ను అడిగారు.

నా పీహెచ్‌డీ దళిత కథల్లో తిండి గురించి. థీసిస్ ఇచ్చేముందు సెమినార్ పెట్టారు. పేరు అనవసరం, ఊరూ అనవసరం, ఒక పెద్దాయన నా మూడో అధ్యాయం మార్జిన్‌లో పెన్సిల్‌తో "ఏమి తునకలు?" అని రాసి ఉంచారు. సెమినార్‌లో నోటితో కూడా అడిగారు. "అమ్మా, తునక అంటే ముక్క. కర్ర తునకా, చెరుకు తునకా, దేని తునక? నువ్వు రాసిన అర్థానికి ఆకరం ఏది?"

ఒక నిమిషం నోట మాట రాలేదు. తర్వాత "మా అమ్మండీ" అన్నాను. గదిలో నవ్వారు.

ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన నేర్చుకున్న చదువులో అది అడగాల్సిన ప్రశ్నే. ఆకరం చూపించమన్నారు, చూపించాను. తునకలు అన్న మాట అచ్చులో వచ్చిన ఒక కథని వెతికి ఫుట్‌నోట్‌లో పెట్టాను. ఆ కథ రాసినాయన కూడా ఆ మాటని వాళ్లమ్మ దగ్గరే నేర్చుకుని ఉంటాడు. కానీ ఆయన అమ్మ ఆకరం కాదు, ఆయన పుస్తకం ఆకరం. మా అమ్మ అసలే కాదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. తునకలంటే మా వాడలో ఎండబెట్టిన పెద్దకూర. మాంసాన్ని సన్నగా పొడుగ్గా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద బట్టల్లాగా ఆరేస్తారు. కింద ఒకరు కర్ర పట్టుకుని కూర్చోవాలి, కాకులకీ కుక్కలకీ. చిన్నప్పుడు ఆ డ్యూటీ నాది. ఎండి గలగలలాడాక కుండలో వేసి మూత పెడతారు. వానాకాలం పనుల్లేని రోజుల్లో రెండు తునకలు తీసి నిప్పుల మీద కాల్చి, నలగ్గొట్టి, గోంగూరలోనో వంకాయలోనో వేస్తే ఇంటిల్లిపాదికీ కూర అయినట్టే. నా బల్ల మీదున్న నిఘంటువులో తునక అంటే ముక్క, ఖండం అని ఉంది. తప్పేం కాదు. కానీ దండెం లేదు, ఎండ లేదు, ముసురు పట్టిన రోజున ఆ కుండ మూత తీస్తే వచ్చే వాసన లేదు.

ఆ రాత్రి ఫోన్ చేసి అమ్మకి సంగతి చెబితే, "తునకలు తెలియవా ఆయనకి? ఏ ఊరంట?" అంది. పాపం, జాలిపడింది.

ఇంతకీ ఆ కుర్రాడికి ఏం చెప్పాను? పాఠంలో ఉన్నదే చెప్పాను మొదట. బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. గొప్ప పని, ఒక మనిషి జీవితం ఖర్చయిన పని. అందులో మాటకి సాక్ష్యం కవి ప్రయోగం. ఫలానా కావ్యంలో ఫలానా కవి వాడాడు కాబట్టి ఈ మాట ఉంది అని. తర్వాత 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు. పిఠాపురం రాజా గారి డబ్బుతో, జయంతి రామయ్య పంతులు గారి ఆధ్వర్యంలో ఇంకా పెద్ద నిఘంటువు మొదలైంది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో బయటికొచ్చింది. అక్కడా కావ్యాలదే పెద్దపీట. కావ్యం రాయాలంటే చదువు ఉండాలి. చదువుకోవాలంటే బడి అరుగు ఎక్కాలి. మన తాతలు ఆ అరుగు కింద నిలబడ్డవాళ్లు. అంటే మన మాట నిఘంటువు దాకా పోయే దారిలో మొదటి మెట్టు దగ్గరే తలుపు వేసి ఉంది. ఎవరో పనిగట్టుకుని 'మాలపల్లె మాటలు వద్దు' అని బోర్డు పెట్టక్కర్లేదు. సాక్షిగా ఎవరిని పిలవాలో నిర్ణయిస్తే చాలు, మిగతా పని అదే జరిగిపోతుంది.

ఆ కావ్యభాష సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది. కావ్యాల్ని చూసి కట్టిన వ్యాకరణం అది. దాన్నే కొలబద్దగా పెట్టి వచనం కూడా అలాగే రాయాలన్నారు, పిల్లల పరీక్షల్లో కూడా. గ్రాంథికంలో జోలపాడిన తల్లి తెలుగుదేశంలో ఎక్కడా లేదు. గ్రాంథికంలో బేరమాడినవాడు లేడు, తిట్టుకున్నవాడు లేడు. అది కట్టిన భాష. మేస్త్రీ ఇటుకలు పేర్చినట్టు సూత్రం మీద సూత్రం పేర్చి కట్టింది. సూరి స్వయంగా బ్రాహ్మణుడు కాదు, చాత్తాద వైష్ణవుడు. ఆయన కట్టిన గోడ వెనక చేరి కాపలా కాసినవాళ్లు వేరే. ఆ గోడని పగలగొట్టడానికి గిడుగు రామమూర్తి జీవితమంతా పోట్లాడాడు. ఆయన ఇంకో పని కూడా చేశాడు. సవరల దగ్గర కూర్చుని, వాళ్ల మాటలు విని, వాళ్ల భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. కావ్యం ఒక్కటీ లేని భాషకి నిఘంటువు! అక్కడ ఆకరం సవర మనిషే. మన పరిశోధకులు ఆయన్ని వ్యావహారిక పితామహుడని దండలు వేస్తారు కానీ, ఆ సవర పని నుంచి పద్ధతి నేర్చుకున్నవాళ్లు తక్కువ.

ఇంకో సంగతి. కట్టిన భాష అన్నానుగా, ఇంకా పచ్చిగా కట్టిన భాష ఒకటుంది. ఎస్పెరాంతో. వార్సాలో కళ్ల డాక్టరుగా ఉన్న జామెన్‌హాఫ్ అనే యూదు 1887లో ఒక చిన్న పుస్తకం వేసి లోకం ముందు పెట్టాడు. ఆయన పుట్టిన బియాలిస్తోక్‌లో నాలుగు జాతులవాళ్లు నాలుగు భాషల్లో ఒకర్నొకరు అసహ్యించుకునేవాళ్లు. ఎవరిదీ కాని భాష ఉంటే ఎవరూ తక్కువ కారు కదా అని ఆయన ఆశ. ఆ ఆశ గురించి ఇప్పుడు కాదు. ఆ భాషలో కొత్త మాట ఎలా చేరుతుందనేది మనకి కావలసింది.

1905లో ఫ్రాన్స్‌లో బులోన్ పట్టణంలో వాళ్ల మొదటి మహాసభ జరిగింది. ఫుందమెంతో అనే పుస్తకాన్ని పునాదిగా ఒప్పుకున్నారు. 16 సూత్రాల వ్యాకరణం, కొన్ని అభ్యాసాలు, ఒక పదకోశం, అంతే. దాని ముందుమాటలో జామెన్‌హాఫ్ ఈ పునాదిని ఎవరూ కదపకూడదన్నాడు, తప్పులుంటే తప్పులతో సహా. దానికాయన వాడిన మాట నెతుషెబ్లా. నె అంటే కాదు, తుష్ అంటే తాకడం, ఎబ్ల్ అంటే వీలైన. కలిపితే తాకరానిది. మన మాటలో అంటరానిది!

ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. ఒక భాషలో అన్నిటికంటే పైనున్నదానికి పెట్టిన పేరు అది. మా ఊళ్లో మా మామ్మకి పెట్టిన పేరూ అదే.

సరే, కొత్త మాట సంగతి. అక్కడ ఎవరైనా కొత్త మాట వాడొచ్చు. బాధ్యత వాడినవాడిదే. పదిమందీ అందుకుంటే బతుకుతుంది, లేకపోతే పోతుంది. చాలాకాలం నలిగి నిలబడ్డాక వాళ్ల అకాడమీ దాన్ని అధికారికంగా చేర్చుకుంటుంది. 1909లో మొదటి చేర్పుల జాబితా వచ్చింది. ఒకసారి చేరిన మాటని తీసెయ్యడం ఉండదు. దానికంటే మంచి మాట వస్తే పాతది పాతమాటగా పక్కన ఉండిపోతుంది. ముచ్చటేమిటంటే, ఇవాళ ఎస్పెరాంతో పెద్ద నిఘంటువులో ఉన్న మాటల్లో ఎక్కువ వాటికి అకాడమీ ముద్ర లేనే లేదు. జనం వాడుకుంటున్నారు, నిఘంటువు రాసుకుంది. అంటే, ఒక మనిషి కూర్చుని చేసిన భాషలో కూడా ముద్ర కోసం ఎవరూ ఆగలేదు.

మనమూ ఆగలేదు. మనవాళ్లు ఒక మాట కట్టారు. దాని కథ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా తాత చదివింది మూడో తరగతి. ఆయన బడి రిజిస్టర్‌లో కులం గడిలో 'ఆది ఆంధ్ర' అని ఉంది. అదే మా నాన్నకి, అదే నాకు. ఇంటర్‌లో కుల ధ్రువీకరణ పత్రం కోసం ఒక ఆఫీసులో లైన్‌లో నిలబడ్డాను. అక్కడ కూర్చున్నాయన కాగితం చూసి, "ఆది ఆంధ్ర అంటే ఏందమ్మా? మాలా, మాదిగా? సరిగ్గా చెప్పు" అన్నాడు. వెనక ముప్పైమంది ఉన్నారు. గట్టిగా చెప్పమన్నాడు. చెప్పాను. మళ్లీ ఇంకో కాగితం తెమ్మన్నాడు. మూడుసార్లు తిరిగాను. మా తాతలు ఏదో మొహమాటపడి కులం దాచుకోవడానికి అలా రాయించుకున్నారేమోనని వాళ్ల మీద కోపం కూడా వచ్చింది నాకు. పదహారేళ్ల కోపం.

ఆ మాట మా ఊరికి గంట దూరంలో పుట్టిందని నాకెవరు చెప్పారు? 1917 నవంబరులో బెజవాడలో సభ జరిగింది. పంచమ మహాజన సభ అని పిలిచారు. గుడివాడలో సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు గారు ఏర్పాట్లలో ముందున్నారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడిగా వచ్చాడు. ఆ సభ జరిగిన మూడు రోజులూ, వీళ్లెక్కడ కొండెక్కి వస్తారోనని కనకదుర్గ గుడి మూసి ఉంచారని చరిత్రకారులు రాశారు. భాగ్యరెడ్డి వర్మ మొదటి పేచీ సభ పేరుతోనే పెట్టుకున్నాడు. పంచములంటే ఐదోవాళ్లు. నాలుగు లెక్కపెట్టి మిగిలిపోయినవాళ్లు. మేం ఐదోవాళ్లం కాదు, ఈ నేల మీద మొదటివాళ్లం అన్నాడు. సభ ఒక పేరుతో మొదలై ఇంకో పేరుతో ముగిసింది. ఆది ఆంధ్ర మహాజన సభ.

చూడండి, ఇది కావ్యంలోంచి తీసిన మాట కాదు. ఎవరి నోటా సహజంగా పలికిన మాట కూడా కాదు. రెండు సంస్కృత పదాలు పక్కపక్కన పెట్టి చేసిన మాట. అక్షరాలా తయారుచేసిన మాట. దాన్ని ఏ పండితుడూ మెచ్చుకోనక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఊరూరా సభలు జరిగాయి, బడులు పెట్టారు, ఆ బడుల రిజిస్టర్లలో పిల్లల పేర్ల పక్కన ఈ మాట రాశారు. 1922లో మద్రాసు శాసన మండలిలో ఎం.సి. రాజా తీర్మానం తెచ్చారు. సర్కారు కాగితాల్లో పంచమ, పరయ అనే మాటల బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలని. ప్రభుత్వం అదే ఏడాది ఉత్తర్వు ఇచ్చింది. ఐదేళ్లలో బెజవాడ పందిరి నుంచి సర్కారు ఉత్తర్వులోకి! మా తాత బడి గడిలో ఉన్నది మొహమాటం కాదు, గెలుపు. నాకు తెలిసేసరికి ఆయన లేడు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితా తీయండి. ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంటుంది. మొదటి నంబరు ఆది ఆంధ్ర. నాకు అది ఎప్పుడు చూసినా నిఘంటువులాగే కనిపిస్తుంది. అక్షర క్రమం ఉంది, ఒక్కో ఎంట్రీ ఉంది, కొన్నిటి పక్కన బ్రాకెట్లో మారుపేర్లు ఉన్నాయి. అర్థం మాత్రం రాయలేదు. అర్థం హాస్టల్ సీటులో, స్కాలర్‌షిప్‌లో, పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ ఏ చట్టం కింద రాస్తారన్నదాంట్లో తెలుస్తుంది. ఈ నిఘంటువులో ఒక మాట చేర్చాలన్నా తీయాలన్నా రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చెయ్యాలి. మా కంకిపాడు కుర్రాడి ప్రశ్నకి ఇక్కడ మాత్రం నిజంగానే జవాబుంది. అప్లికేషన్ ఢిల్లీకి పెట్టుకోవాలి.

ఇంత గర్వంగా చెప్పుకున్నాక, నా హాస్టల్ రూమ్మేట్ అన్నమాట కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. యూనివర్సిటీలో ఒక రాత్రి ఈ బెజవాడ సభ కథంతా దానికి ఉత్సాహంగా చెప్పాను. అది మాదిగ పిల్ల, వాళ్ల నాన్న చెప్పులు కుట్టేవాడు. అంతా విని, "బాగానే ఉందే. మరి ఆ ఆది ఆంధ్ర అనే మాటలో మా నాన్న ఆరె ఎక్కడుంది?" అంది. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే పోయి టీ ఇచ్చాను. దాని ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదని ఒప్పుకోవడానికి నాకు ఆ రెండు రోజులు పట్టింది.

ఒక్క మాట కింద అందర్నీ నిలబెడితే బయటివాడి ముందు బలం. లోపల చూస్తే ముందు ఎవరు నిలబడ్డారు, వెనక ఎవరు నిలబడ్డారన్నది కనబడదు. మాలలం మేం చదువులో, ఉద్యోగంలో ముందు వరసలో ఉన్నాం. మాట గుండ్రంగా ఉంది కాబట్టి ఆ సంగతి మాకు గుచ్చుకోలేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. దండోరా అంటే ఏమిటి? ఊళ్లో కబురు చెప్పాలంటే డప్పు కొట్టుకుంటూ అరిచి చెప్పే చాకిరీ. పెద్దల మాటని మాదిగ గొంతుతో ఊరంతా మోయించేవాళ్లు. ఆ మాటనే తీసుకుని తమ మాట తాము చెప్పుకోవడానికి పెట్టుకున్నారు. ఊరివాళ్లు తిట్టుగా వాడిన కులం పేరుని సొంత పేరు చివర తగిలించుకున్నారు. తయారుచేసిన మాట కాదు, చాకిరీ చేసి అరిగిన మాట. అది ఎక్కిన వేగం చూడండి. 1997లో ఎస్సీలని నాలుగు గ్రూపులు చేశారు, 2000లో చట్టం వచ్చింది. అందులో ఎ రెల్లి, బి మాదిగ, సి మాల, డి ఆది ఆంధ్ర. 1917లో అందర్నీ కలపడానికి పుట్టిన మాట చివరికి ఒక్క శాతం వాటాతో ఒక విడి గ్రూపై కూర్చుంది. 2004లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. ఆ రోజు నా రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. "ఇప్పుడు టీ నేను పోస్తాను రా" అంది.

పైనుంచి వచ్చిన మాట సంగతి తొందరగా చెప్పేస్తాను, మీకు తెలిసిందే. హరిజన. 1933లో గాంధీ ఆ పేరుతో పత్రికే పెట్టాడు. ఏ సభా పెట్టుకోకుండా, ఏ రిజిస్టర్ కోసం పోట్లాడకుండా ఆ మాట పత్రికల్లోకి, పాఠాల్లోకి, ఊళ్లో బోర్డుల మీదకి ఎక్కేసింది. ఆ పేరు ఎవరికి పెట్టారో వాళ్లని అడగలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరుని చట్టంలో పెడుతుంటే అంబేద్కర్, ఆయన పార్టీ సభ్యులు లేచి బయటికి వచ్చేశారు. 1982లో కేంద్రమే కుల పత్రాల్లో ఆ మాట రాయొద్దని రాష్ట్రాలకి చెప్పింది. సులువుగా వచ్చింది, అలాగే పోయింది అని రాద్దామనుకున్నాను. కానీ మా మామ్మ చచ్చిపోయేదాకా "మేం అరిజనులం బాబూ" అనే చెప్పుకుంది, ఏ కోపం లేకుండా. ఆమె ముందు విన్న మాటలతో పోలిస్తే అది మెత్తగా ఉంది. ఆమె ముందు నిలబడి అది తప్పు మాట అని పాఠం చెప్పే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

దళిత అన్నమాట ఇంకో రకం. సంస్కృత నిఘంటువులో ఎప్పటినుంచో ఉంది. దళితం అంటే చీలినది, పగిలినది. పువ్వు విషయంలో అయితే విచ్చుకున్నది. పద్యంలో తామరపువ్వుకి వాడుకోవచ్చు. అంబేద్కర్ మనల్ని ఇంగ్లీషులో విరిగిపోయిన మనుషులన్నాడు. 1972లో బొంబాయిలో కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. మన దగ్గర 1985 జూలై 17న కారంచేడు జరిగింది. ఆ నెత్తురులోంచి దళిత మహాసభ వచ్చింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు ఊరూరా తిరిగారు. అప్పటినుంచి ఆ మాట మా వాడ పిల్లల నోట్లో పడింది. 1991 ఆగస్టు 6 చుండూరు. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం. ఈ మాటకి ఆకరం అడిగితే తేదీలు చెప్పాలి, కావ్యాలు కాదు. 2018లో కేంద్ర సమాచార శాఖ టీవీ చానళ్లకి, దళిత్ అనొద్దు, షెడ్యూల్డు కులాలు అనండి అని సలహా పంపింది. అనడం ఆగిందా? నిఘంటువులోకి ఎక్కించడానికి అప్లికేషన్ పెట్టనట్టే, దించడానికి పెట్టినా పనిచెయ్యదు.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు పిల్లలు ఆరుబయట గుడారం వేసి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో రోహిత్ వేముల ఒకడు. నాకు అప్పటిదాకా వెలివాడ ఒక పాత మాట, థీసిస్‌లో వాడుకునే మాట. ఆ జనవరి తర్వాత ఆ మాట రాసేటప్పుడు ఫ్లెక్సీ మీద అంబేద్కర్ బొమ్మ, దాని కింద చాపలు కనిపిస్తాయి. పాత మాటకి కొత్త అర్థం రావడమంటే ఇదే. దాన్ని ఏ పండితుడు రాస్తాడో రాయనీ, ఆ చాపల మీద పడుకున్నవాళ్లు ముందే రాశారు.

క్లాసులోకి వద్దాం. మరి ఆకరం మనిషే అని పని చేసిన నిఘంటువు తెలుగులో లేదా అంటే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో సాహిత్య అకాడమీ వేసింది, వ్యవసాయ పదాలు. రెండోది చేనేత. కావ్యాలు పక్కన పెట్టి జిల్లా జిల్లా తిరిగి పనిచేసేవాళ్లని అడిగి రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని క్లాసులో తిప్పించాను. తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ కొని గడులు గీశాం. మాట, అర్థం, ఎవరి నోట విన్నావు, ఏ పనిలో. మూడో గడి నా కోసం పెట్టుకున్నది, ఒప్పుకుంటాను.

వారంలో నలభై దాకా మాటలొచ్చాయి. ఉయ్యూరు కదా, చెరుకు మాటలు బాగా వచ్చాయి. జడచుట్లు అని ఒక అమ్మాయి రాసింది. గాలికి చెరుకు పడిపోకుండా గెడలకి వాటి ఆకులే చుట్టి నిలబెట్టడం. ఎవరి నోట అన్న గడిలో "మా పిన్ని, కూలి" అని రాసింది. మునుం వచ్చింది, పరిగె వచ్చింది. అవనిగడ్డ నుంచి వచ్చి ఇక్కడ బాబాయ్ ఇంట్లో ఉండి చదువుకునే కుర్రాడు 'ఉప్పెన' రాశాడు. ఇది అందరికీ తెలిసిన మాటేగా అన్నాను. "కాదు మేడమ్, మా దివిసీమలో ఉప్పెన అంటే తేదీ" అన్నాడు. 1977 నవంబరు 19. వాళ్ల నాయనమ్మ వయసు అడిగితే ఉప్పెనకి ఇద్దరు పిల్లల తల్లినంటుందట. ఆ అర్థం రాయించాను. కంకిపాడు కుర్రాడు ఏం తెచ్చాడో చెప్పలేదు కదూ? తునకలే. నేను నా కథ క్లాసులో చెప్పలేదు, ఒట్టు. మూడో గడిలో "మా అమ్మ" అని రాశాడు.

శుక్రవారం క్లాసు అయిపోయాక గుడివాడ దగ్గర పల్లెటూరి అమ్మాయి ఒకతె ఆగింది. నోట్‌బుక్ చేతిలో పట్టుకుని, "మేడమ్, తిట్లు కూడా రాయాలా?" అంది. రాయాలనే అన్నాను. బూతైనా మాటే కదా అని గడగడా లెక్చర్ మొదలుపెట్టాను. "అది కాదు మేడమ్. మా కులం పేరుతో తిడతారు కదా, అది" అంది.

ఆగిపోయాను. తీసెయ్యకూడదు, పాతమాట అని గుర్తు పెట్టి ఉంచాలి అన్నది జామెన్‌హాఫ్ పద్ధతి. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఎవరు, ఎవర్ని, ఎక్కడ అన్నారో రాసి ఉంచకపోతే రేపు ఎవడైనా అసలు అలా ఎవరూ అనలేదంటాడు. పైగా అదే మాట, ఊరివాడు నలుగురిలో అంటే 1989 చట్టం కింద కేసు. ఈదుముడి తర్వాత మావాళ్లే పేరు చివర రాసుకుంటే గౌరవం. రెండు అర్థాలూ పక్కపక్కన ఉండాలి. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. విన్నది. "మరి మూడో గడిలో ఎవరి పేరు రాయాలి మేడమ్? అన్నాయన పేరు రాస్తే మా నాన్న ఆయన పొలంలోనే పని చేస్తాడు" అంది.

ఆ వరసలో మాట రాసింది, అర్థం రాసింది, ఏ పనిలో అన్నచోట కలుపు తీస్తున్నప్పుడు అని రాసింది. మూడో గడి ఖాళీ. నోట్‌బుక్ నా బ్యాగులోనే ఉంది. సోమవారం మళ్లీ క్లాసు.